బీజమా? క్షేత్రమా?

తమ బిడ్డ తమకంటె అధికుడు కావలెనన్నది ఏ కాలమునందైనను తల్లిదండ్రుల కోరిక. ఆ కోరిక నేడు ప్రయోగశాల వాకిట నిలిచినది. కృత్రిమ గర్భధారణ పద్ధతుల నాశ్రయించు దంపతులకు, వారి పిండములలో ఏది అధిక బుద్ధిశాలి కాగలదో జన్యుపరీక్షచే ముందుగా తెలిపెదమని అమెరికాలో కొన్ని సంస్థలు బయలుదేరినవి. అట్టి సంస్థ యొకటి నూరు పిండముల పరీక్షకు 50,000 డాలర్ల వరకు రుసుము కోరుచున్నదని 2024 అక్టోబరులో ఒక బ్రిటిషు పత్రిక వెల్లడించినది. ధనికుని బిడ్డకు మంచి బడి యిదివరకే కలదు. ఇక మంచి బీజమును కూడ కొనవచ్చునన్న మాట. ఈ మాటలో సత్యమెంత, భ్రమ యెంత అన్నది ఉపాధ్యాయులును, విద్యార్థులును తప్పక విచారింపవలసిన విషయము.

ప్రశ్న క్రొత్తది కాదు. సందర్భము వేరైనను, బీజము ప్రధానమా, క్షేత్రము ప్రధానమా అన్న చర్చ మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయముననే కలదు. మన సామెతలు సైతము రెండు పక్షములుగా చీలినవి. పువ్వు పుట్టగనే పరిమళించుననుట బీజపక్షము. మొక్కై వంగనిది మానై వంగునా అనుట క్షేత్రపక్షము. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లో ప్రకటించిన గ్రంథమున న్యాయమూర్తులు, సేనానులు, కవులు, శాస్త్రజ్ఞుల వంశములను పరిశీలించి, ప్రతిభ వంశపారంపర్యమని తేల్చెను. న్యాయమూర్తి కుమారునకు తండ్రి రక్తముతో పాటు తండ్రి గ్రంథాలయము, ధనము, పరిచయములు కూడ సంక్రమించునన్న సంగతికి ఆయన తగిన విలువ నీయలేదు. ఆయన 1883లో పేరు పెట్టిన సుజనన శాస్త్రము, 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునందును, 1933లో జర్మనీయందును, బలవంతముగా సంతానశక్తిని హరించు చట్టములకు దారితీసినది. పండితుని తూకము తప్పినచో దాని ఫలము ననుభవించునది నోరులేనివారే.

నేటి శాస్త్రము గాల్టన్ కంటె మిక్కిలి జాగ్రత్తగా మాటలాడుచున్నది. 2022లో వెలువడిన యొక మహాపరిశోధనలో సుమారు 30 లక్షల మంది జన్యువులను, వారు చదివిన సంవత్సరములను పోల్చి చూచిరి. చదువుతో సంబంధము గల స్థానములు జన్యురాశిలో దాదాపు 4,000 కనబడినవి. ఒక్కొక్కదాని ప్రభావము అణుమాత్రము. అన్నింటిని కూడి లెక్కించినను, మనుష్యుల చదువులో కనబడు హెచ్చుతగ్గులలో 12 మొదలు 16 శాతము మాత్రమే వానితో ముడివడినది. పరిశీలింపబడినవారు ఐరోపా సంతతివారగుటచే, ఈ లెక్క ఇతర జాతులకు యథాతథముగ వర్తింపదు.

అంతకు ముందు, 2018లో, ఐస్లండు శాస్త్రజ్ఞులు మరియొక విచిత్రమును కనుగొనిరి. తల్లిదండ్రులలో ఉండియు బిడ్డకు సంక్రమింపని జన్యువులు కూడ ఆ బిడ్డ చదువుతో సంబంధము కలిగియున్నవి. సంక్రమించిన వాని ప్రభావములో వీని పాలు ఇంచుమించు 30 శాతము. శరీరములో చేరని జన్యువు బిడ్డ నెట్లు తాకినది? తల్లిదండ్రుల నడవడి, వారు కల్పించిన యింటి వాతావరణము ద్వారమున తాకినది. అనగా బీజమని భావించిన దానిలో కొంత భాగము నిజమునకు క్షేత్రమే.

పిండములను ఎంచుకొను విషయమును 2019లో ఇజ్రాయెలు పరిశోధకులు లెక్కించి చూచిరి. పది పిండములనుండి ఉత్తమమైన దానిని ఏరుకొన్నను, ప్రజ్ఞాలబ్ధిలో ఆశింపదగిన లాభము ఆనాటి జ్ఞానమునుబట్టి సగటున రెండున్నర అంకెలు మాత్రమే. అంత స్వల్పమైన వ్యత్యాసము పరీక్షనాడు బాలుడు సరిగా నిద్రించెనా లేదా అన్నదాని వలన కూడ కలుగవచ్చును.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసియున్నది. అనువంశికమైనది మార్పులేనిదని పెక్కురు తలంతురు. మనుష్యుల పొడుగు మిక్కిలి అనువంశికము. అయినను దక్షిణ కొరియా స్త్రీల సగటు పొడుగు ఒక్క శతాబ్దములో 20 సెంటీమీటర్లు పెరిగినది. ఈ స్వల్పకాలములో మారినవి జన్యువులు కావు, ఆహారమును, ఆరోగ్యమును. ఫినైల్ కీటోన్యూరియా అను వ్యాధి కేవలము జన్యుదోషము వలన కలుగును. చికిత్స లేనిచో బుద్ధిమాంద్యము తప్పదు. పుట్టిన వెంటనే దానిని గుర్తించి తగిన పథ్యము నిచ్చినచో ఆ బిడ్డ అందరివలెనే చదువుకొనును. జన్యువు మారలేదు, విధి మారినది.

మరి విద్యకు గల శక్తి యెంత? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రములో 1962లో ఆరంభమైన పెర్రీ శిశువిద్యా ప్రయోగమున 123 మంది పేద నల్లజాతి పిల్లలు చేర్చుకొనబడిరి. వారిలో కొందరికి మంచి శిశువిద్య లభించినది, తక్కినవారికి లభింపలేదు. మొదటివారి ప్రజ్ఞాలబ్ధిలో కలిగిన వృద్ధి కొన్ని యేండ్లలోనే కరిగిపోయినది. అయినను 40 ఏండ్ల వయస్సున చూడగా వారి సంపాదన అధికము, నేరములు తక్కువ. విద్య తెలివికి మాత్రమేగాక, ఓర్పునకు, నడవడికి కూడ ఎరువు వేయునని దీనివలన తెలియుచున్నది.

ప్రతిభ వృథాపోవుటకు కూడ లెక్క కలదు. అమెరికాలోనే ఇద్దరు ఆర్థికవేత్తలు జరిపిన పరిశోధనలో, జన్యుగణనయందు అగ్రభాగమున నుండియు పేదయింట పుట్టినవారిలో కళాశాల పట్టము పొందినవారు సుమారు 24 శాతము. అట్టడుగున నుండియు ధనికుని యింట పుట్టినవారిలో 27 శాతము! జన్యుపరీక్షల కంటె ముందు చక్కబెట్టవలసినది ఏదో ఈ రెండు అంకెలే చెప్పుచున్నవి.

తెలుగువారికి ఇందుకు దృష్టాంతము దూరమున లేదు. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ పర్యాయమున గాని ఉత్తీర్ణుడు కాలేదు. అమెరికాలో పై చదువునకు ఆయన మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు ధనసహాయము చేసిరి. బోదకాలు మందు మొదలుకొని ఫోలిక్ ఆమ్లము వరకు ఆయన పేరుతో ముడివడిన పరిశోధనలు లోకమునకు తెలిసినవే. రెండవ పర్యాయము తప్పిననాడే ఆ బాలునకు చదువు రాదని ఎవరైన నిశ్చయించియుండినచో నష్టపోయినది ఆయన ఒక్కడే కాదు. ఆయన బీజమెట్టిదో ఎవ్వరును పరీక్షింపలేదు. అవకాశము మాత్రము ఇచ్చిరి.

1905లో బుద్ధి పరీక్షను తొలుత రూపొందించిన ఆల్ఫ్రెడ్ బినే ఉద్దేశము వెనుకబడిన పిల్లలను గుర్తించి సహాయపడుట, వెలివేయుట కాదు. బుద్ధి ఎన్నటికిని పెరుగదను నిరాశావాదమును ఆయన 1909 నాటి గ్రంథమున ఖండించెను. పూర్వము తలవ్రాత అన్నారు; నేడు జన్యువు అనుచున్నారు. పేరు మారినది గాని, ప్రయత్నము మానుటకు చెప్పు సాకు మారలేదు. పిల్లలందరును సమాన సామర్థ్యముతో పుట్టుదురనుట సత్యము కాదు. కాని యే గింజ యెంత పండునో ముందుగా చెప్పగలమనుట అంతకంటె అసత్యము. నేల దున్ని, నీరు పెట్టి, కలుపు తీసిన పిమ్మట గాని విత్తనమును నిందించు హక్కు రైతునకు లేదు, ఉపాధ్యాయునకును లేదు.