తలుపు వేసుకున్న నాన్న

ఇల్లు కట్టుకునే స్తోమత రాగానే మన విశ్వాసుల్లో కొందరు కోరుకుంటున్న సౌకర్యం ఒకటుంది: ఇంటి యజమానికి ప్రత్యేకంగా ఒక గది. అమెరికాలో బేస్‌మెంట్‌లోనో గ్యారేజీలోనో మగవారు ఏర్పాటు చేసుకునే ఇలాంటి గదిని ‘మ్యాన్ కేవ్’ అంటారు. అంటే మగవాడి గుహ. ఒత్తిడిలో ఉన్న పురుషుడు తన గుహలోకి వెళ్ళిపోతాడని జాన్ గ్రే 1992లో ఒక పుస్తకమే రాశాడు.

ఏకాంతం తప్పని మనం అనలేం. యేసుప్రభువే జనాన్ని విడిచి అరణ్యప్రదేశాలకు వెళ్ళి ప్రార్థించేవాడు. దానియేలుకు యెరూషలేము వైపు కిటికీలున్న మేడగది ఉండేది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొని ప్రార్థించమని కొండమీది ప్రసంగంలో ప్రభువు చెప్పాడు కూడా. అయితే అక్కడ మత్తయి వాడిన గ్రీకు మాట ‘తమేయోన్’. ధాన్యం, సామాన్లు దాచుకునే కొట్టుగది అని దాని మొదటి అర్థం. లూకా సువార్తలో కాకులకు లేదని ప్రభువు చెప్పిన గరిసె కూడా ఆ మాటే. అలాంటి గది ఇంటాయన ఒక్కడి సొత్తు కాదు. పిండికీ నూనెకూ ఇల్లాలు రోజూ వెళ్ళివచ్చే చోటే అయి ఉంటుంది.

మరి ఆ ఇల్లాలికి గది ఏది? జాన్ వెస్లీ తల్లి సుసన్నాకు 19 మంది బిడ్డలు పుట్టారు. ఆమె ఏప్రాన్‌ను తలమీద కప్పుకుంటే అమ్మ ప్రార్థనలో ఉందని పిల్లలు గ్రహించేవారని చెబుతారు. మన ఇళ్ళల్లో చీరకొంగే ఆ గది. మగవాడికి వీధి అరుగు, ముందుగది మొదటినుంచీ ఉన్నాయి. ఆమె అలసటకు వంటింటి గడపే దిక్కు. ఇప్పుడు కూడా గది ఆయనకే కావాలట!

మేము పాస్టర్లం ఈ విషయంలో ఎవరినీ వేలెత్తి చూపలేం. ప్రసంగం సిద్ధపాటు పేరుతో శనివారమంతా తలుపు వేసుకుంటాం. లోపల ప్రార్థన కొంతే. ఫోన్ చూడటం, ఒక కునుకు తీయడం, ఇంట్లో మాట్లాడాల్సిన మాటను వాయిదా వేయడం ఎక్కువ. ‘నాన్న ప్రార్థనలో ఉన్నారు, తలుపు కొట్టకండి’ అని ఇల్లాలు పిల్లలకు చెబుతుంటే లోపలినుంచి విని కూడా ఊరుకున్న రోజులున్నాయి. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఇవాళ తలుపు బార్లా తీసిపెట్టినా గుమ్మం దగ్గరే ఆగి, ‘తర్వాత వస్తాంలే నాన్నా’ అని వెళ్ళిపోతున్నారు.

యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట ఉన్న పేతురు, మధ్యాహ్నం ప్రార్థనకు మిద్దె ఎక్కాడు. చూసిన దర్శనం ఇంకా అర్థం కాకముందే కింద వాకిట ముగ్గురు కొత్తవాళ్ళు నిలబడి పిలిచారు. దిగి వెళ్ళమన్నాడు పరిశుద్ధాత్మ. పేతురు మిద్దె దిగి, వాళ్ళు వెదికే మనిషి తానేనని చెప్పి, ఆ రాత్రికి వాళ్ళను ఇంట్లోనే ఉంచుకున్నాడు.