పాత బండా, కొత్త బండా?

పోయిన నెల ఆవకాయ జాడీల సంగతి వ్రాస్తే, “మగవాళ్ళకు పనికివచ్చే ముచ్చట ఒక్కటీ వ్రాయరేమండీ?” అని ఇద్దరు ముగ్గురు సభ్యులు నిష్ఠూరమాడారు. సరే, ఈ నెల మోటారు సైకిలు సంగతి చెబుతాను. అయితే చివరిదాకా చదివితే ఇది ఆడవాళ్ళ ముచ్చట కూడానని మీరే అంటారు.

మా అన్నయ్య కొడుకు, మా వదినగారు, కోడలు పెరంబూరులో ఉంటారు. కోడలి పుట్టిల్లు నెల్లూరు. నెలకొకసారైనా భార్యను వెనుక కూర్చోబెట్టుకుని నెల్లూరు వెళ్ళిరావాలనీ, నాలుగు రోజులు సెలవు దొరికితే శ్రీశైలం దాకా పోవాలనీ వాడి సరదా. ఇలా వేగంగానూ, దూరాభారంగానూ పోవడానికి పనికివచ్చే బండిని ‘స్పోర్ట్ టూరింగ్’ బండి అంటారుట. ఆ మాట నాకు వాడే నేర్పాడు. పోయిన ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళితే, “బాబాయ్, నాన్నగారి బుల్లెట్టునే బాగుచేయించుకోనా, కొత్త ఇంటర్‌సెప్టర్ కొననా? నువ్వెలా చెబితే అలా చేస్తాను” అన్నాడు. అలా అనేవాళ్ళు ముందే ఒక నిశ్చయానికి వచ్చి ఉంటారు. అది వేరే సంగతి.

రెండూ మన ఊరి బిడ్డలే. ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీ, మన మద్రాస్ మోటార్స్ వారు కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించి, తిరువొత్తియూరులో బుల్లెట్లు బిగించడం మొదలుపెట్టారు. మొదట్లో భాగాలు ఓడలో వచ్చేవి. 1962 నాటికి అన్నీ ఇక్కడే తయారవుతూ వచ్చాయి. రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతపడ్డది కాని, ఇక్కడ పొయ్యి ఆరలేదు. పైగా 1977 నుంచి మన బుల్లెట్లే ఇంగ్లండుకు ఎగుమతి అయ్యాయి! తరువాత 1994లో కంపెనీ ఐషర్ వారి చేతికి వచ్చింది. ఒరగడంలో 2013లో కొత్త కర్మాగారం లేచింది. రెండు సిలిండర్ల ఇంటర్‌సెప్టర్ 2018లో బజారుకు వచ్చింది. కాబట్టి పాతదానికి సామాను దొరకదనే బెంగ చెన్నపట్నంలో లేదు. జనరల్ పాటర్స్ రోడ్డు ఉన్నది, అక్కడ కాకపోతే పుదుపేట ఉన్నది.

అన్నయ్య బండి 1974 నాటిది.  ఇంజను 346 సి.సి., గేర్లు నాలుగు, బలం సుమారు 18 గుర్రాలు. దాన్ని లేపడం ఒక పూజావిధానం. తాళం తిప్పి, కిక్కును మెల్లగా నొక్కుతూ హెడ్‌లైటు దగ్గరి అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా చూడాలి. అప్పుడు డికంప్రెసర్ మీట పట్టి కిక్కును మరికాస్త దించి, మీట వదిలి, ఒక్క తన్ను తన్నాలి. తొందరపడితే అదే తిరిగి తంతుంది. అన్నయ్య తెల్లధోవతి కట్టుకుని ఒక్క తన్నుతో లేపేవారు. నాకు మాత్రం ఏనాడూ మూడుకు తక్కువ కాలేదు.

కొత్తదానికి మీట నొక్కితే చాలు. 648 సి.సి., 47 గుర్రాలు, ఆరు గేర్లు. ఇన్ని గుర్రాలెందుకని మీరడగవచ్చును. నాలుగు వరుసల రహదారి మీద కూడా ద్విచక్ర వాహనానికి కేంద్రం పెట్టిన హద్దు గంటకు 80 కిలోమీటర్లే కదా! నిజమే. కాని ఆ 80లో ఇద్దరు మనుషులతో కొత్తది తాపీగా పోతుంటే, పాతది ఒళ్ళంతా వణుకుతూ ఆయాసపడుతుంది. నెల్లూరు దాదాపు 175 కిలోమీటర్లు. అంతదూరం ఆ వణుకును భరించవలసింది నడిపేవాడి చేతులే కాదు, వెనుక కూర్చున్న మనిషి నడుము కూడా. అయితే కొత్తది బరువెక్కువ, 200 కిలోల పైమాట. పెరంబూరు సందుల్లో తోసి తిప్పేటప్పుడు ఆ సంగతి తెలుస్తుంది.

పాతదాన్ని ఉంచుకోదలిస్తే మరి రెండు సంగతులు చూసుకోవాలి. 15 ఏళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకొకసారి పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఇక ఇప్పటి పెట్రోలులో నూటికి 20 పాళ్ళ దాకా ఇథనాల్ కలుస్తున్నది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికి తట్టుకోవు, మార్చుకోవాలి. ఇవేమీ పెద్ద పనులు కావు.

అసలు సంగతి బ్రేకు.

1983లో, కార్తీకమాసపు ముసురులో, నెల్లూరులో ఒక పెళ్ళికి ఆ బుల్లెట్టు మీదే బయలుదేరాము. నేను నడుపుతున్నాను, అన్నయ్య వెనుక కూర్చున్నారు. బ్రేకు షూలు అరిగాయని మెకానిక్ రెండు నెలల ముందే నాతో చెప్పాడు. రేపు మాపని నేనే వాయిదా వేశాను. నాయుడుపేట దాటాక గేదెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. తడిసిన డ్రమ్ము, అరిగిన షూలు. ఎంత నొక్కినా బండి ఆగలేదు, పక్క కాలవలోకి దిగింది. నాకు గీతలు మాత్రం పడ్డాయి. అన్నయ్య ఎడమ మోకాలు ఆ తరువాత ఎన్నడూ పూర్తిగా వంగలేదు. భోజనాల్లో అందరూ పీటల మీద కూర్చుంటే ఆయనకు కుర్చీ వేయవలసి వచ్చేది. “బండిదేం తప్పులేదురా” అనేవారు గాని, నాదని ఒక్కనాడూ అనలేదు.

ఇదంతా అబ్బాయికి చెప్పాను. కొత్తదానికి ముందూ వెనుకా డిస్కు బ్రేకులు, ఏ.బి.ఎస్. ఉన్నాయి. అంటే, గట్టిగా నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా, క్షణక్షణానికి పట్టు సడలించి మళ్ళీ పట్టే ఏర్పాటన్నమాట. 125 సి.సి. దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిలు నుంచి దీన్ని తప్పనిసరి చేశారు.

“అయితే రెండూ ఉంచుకుంటాను బాబాయ్. ఒకసారి ఇది, ఒకసారి అది” అన్నాడు వాడు. అక్కడే ఉన్నది చిక్కు. అన్నయ్య బుల్లెట్టుకు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉన్నాయి. మొదటి గేరు పైకి, తక్కినవి కిందికి. కొత్తదానికి అన్నీ తలకిందులు. తీరిక వేళ బుద్ధి గుర్తుచేస్తుంది. గేదె అడ్డం వచ్చిన క్షణంలో మాత్రం కాలికి ఏది అలవాటో అదే జరుగుతుంది. బ్రేకనుకుని గేరు తొక్కుతాడు. భార్యను కూర్చోబెట్టుకుని పోయే దారిలో ఈ ప్రయోగం వద్దని ఖండితంగా చెప్పాను.

వదినగారు అంతసేపూ వంటింట్లోనుంచి వింటూనే ఉన్నారు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, “ఇంతకూ ఆ కొత్తదానిమీద వెనుక కూర్చునే పిల్ల పట్టుకోవడానికి పిడి ఉన్నదా? చీర చక్రంలో పడకుండా అడ్డం ఉన్నదా?” అని అడిగారు. గుర్రాలన్నీ లెక్కపెట్టినవాడు దానికి మాత్రం నోరు వెళ్ళబెట్టాడు. పిడి, కాలు మోపుకునే కడ్డీ, వెనుక చక్రానికి సగం మేర అడ్డం మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉన్నాయి. అయినా కొనే ముందు కళ్ళతో చూసుకోవాలి. మర్నాడు కోడలిని వెంట తీసుకుపోయి, వెనుక సీటు మీద కూర్చోబెట్టి, ఆ పిల్ల సరేనన్న తరువాతే బయానా ఇచ్చాడు. ఇద్దరికీ హెల్మెట్లు కూడా ఆ పిల్లే ఏరింది.

బుల్లెట్టును అమ్మడానికి వదినగారు ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు. ఆదివారం పూట దాన్ని లేపి వీధి చివరిదాకా పోయి రావాలి, అంతకుమించి దాటకూడదని అబ్బాయి చేత మాట తీసుకున్నాము. దానికి కొత్త బ్రేకు షూలు మొన్న నేనే వెళ్ళి కొని తెచ్చాను. రేపు మెకానిక్ వస్తాడు.