కెమెరాకు కనబడనిది



ఎక్కడ అలజడి జరిగినా టెలివిజన్ చానళ్లు దానిని తక్షణమే ప్రత్యక్షంగా చూపుచున్నవి. ఆ తొందరలోని లోపం ఎట్టిదో మా కోలారు జిల్లావారు బాగుగా ఎరుగుదురు.

2020 డిసెంబరు 12న నరసాపురలోని విస్ట్రాన్ ఐఫోన్ల కర్మాగారంలో కార్మికులు విధ్వంసానికి దిగినారు. పగిలిన అద్దాలు, తిరగబడిన కార్లు మరల మరల ప్రసారమయినవి. నష్టం 437 కోట్ల రూపాయలని ఫిర్యాదులో వ్రాసిన అంకె ఇంటింటికీ చేరినది. కొద్ది రోజులకే కంపెనీ తన నష్టం 10 నుండి 20 కోట్ల తైవాన్ డాలర్లని, అనగా సుమారు 26 నుండి 52 కోట్ల రూపాయలని ప్రకటించినది. డిసెంబరు 19న, కొందరికి జీతాలు సరిగాను, సకాలంలోను ముట్టలేదని ఒప్పుకొని క్షమాపణ చెప్పినది.

విధ్వంసం ఎంతమాత్రం సమర్థనీయం కాదు. కాని అద్దం పగులుట కెమెరాకు కనబడును; జీతంలో కోత కనబడదు. హాజరుపట్టీలు, జీతాల లెక్కలు పరిశీలించుటకు రోజులు పట్టును. అంతలో కెమెరాలు మరొక ఊరికి తరలిపోవును. దూరప్రాంతాల మన బంధువులకు ఇక్కడి కుర్రవాళ్లు దొమ్మీగాండ్రుగానే మిగిలిపోయినారు.

కావున, విచారణకు ముందు చెప్పు ప్రతి అంకెతోపాటు అది ఎవరు చెప్పినదో తెరపై చూపవలెను. నిజం తేలిన తరువాత దానినికూడ తొలి వార్త చూపిన వేళలోనే, అంత పెద్ద అక్షరాలతోనే చూపుట న్యాయం.

– ఒక పాఠకుడు
రాబర్ట్‌సన్‌పేట, కె.జి.ఎఫ్.