మంచం పట్టకముందే

జమ్మికుంట మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలైందంటే మనిషి సత్తువే పెట్టుబడి. బస్తాలెత్తే హమాలీకైనా, చేనులో రోజంతా వంగి పత్తి ఏరే ఆడమనిషికైనా ఒంట్లో బలం ఉన్నన్నాళ్లే కూలి. డెబ్బై దాటాక ఆ మనిషే చెయ్యి ఆనించకుండా చాప మీది నుంచి లేవలేడు. ఓ రోజు జారి పడతాడు. 'మంచం పట్టిండు' అంటుంది ఊరు. ఆ మాటతో లెక్క ముగిసినట్టే. దవాఖాన చీటీలో బీపీ, షుగర్ అంకెలుంటాయి గానీ కండ ఎంత కరిగిందన్న ఊసే ఉండదు.

వైద్యం కూడా దీన్ని ఆలస్యంగానే పట్టించుకుంది. అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోసెన్‌బర్గ్ 1980ల చివర దీనికి 'సార్కోపీనియా' అని పేరు పెట్టాడు. గ్రీకులో మాంసలేమి అని అర్థం. అమెరికా వ్యాధుల పట్టికలో దీనికి సొంత కోడ్ 2016లో గానీ రాలేదు. కండ లోగుట్టు మాత్రం అంతకు ఎన్నడో బయటపడింది, అందులో మనవాడి చెయ్యీ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నాడు. బస్తాను ఒక్క ఊపున భుజానికెత్తే ఆ కొన్ని సెకన్లలో కండకు శక్తినిచ్చేది అదే.

హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఏళ్ల తరబడి చేసిన అధ్యయనం ఒకటుంది. 1987–90 మధ్య వాటిలో 15 పల్లెల గర్భిణులకు, పసిపిల్లలకు సర్కారు పథకం కింద అదనపు తిండి అందింది. మిగిలిన 14 పల్లెలకు అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు ఇరవై ఏళ్ల వాళ్లయ్యాక 1,446 మందికి కండ, పిడికిలి పట్టు కొలిచి చూశారు. పసితనంలో అందిన తిండి వల్ల కండబలం పెరిగిన ఆనవాలు దొరకలేదు. తేడా చూపినవి ఇప్పటి తిండి, ఇప్పటి శ్రమ, ఇప్పటి ఇంటి స్తోమత. 2014లో అచ్చయిన ఈ ఫలితం పడుచువాళ్లది, దాన్ని ఉన్నపళంగా ముసలివాళ్లకు అంటగట్టలేం. అయినా నాకు అర్థమైందొకటి: కండ గుమ్మిలో పోసిన వడ్లు కాదు, నింపిపెట్టి ఎప్పుడో తీసుకోవడానికి. హమాలీ నలభై ఏళ్లు మోసిన బరువు డెబ్బయ్యో ఏట అతన్ని మోయదు.

మరి ఆ వయసులో కండ మళ్లీ వస్తుందా? బలమైతే వస్తుంది. 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం సగటున తొంభై ఏళ్లున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించింది. బలం సగటున 174 శాతం పెరిగింది. 1994లో వంద మందితో మరో ప్రయోగం చేశారు. వ్యాయామం లేకుండా పోషక పానీయం మాత్రమే తాగినవాళ్లకు బలం రాలేదు. తల్లిదండ్రులకు ప్రొటీన్ డబ్బా కొనిచ్చి బాధ్యత తీరిందనుకునేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదువుకోవాలి.

మందు సంగతి అడుగుతారేమో. కండ పెరుగుదలకు కళ్లెం వేసే మయోస్టాటిన్‌ను 1997లో గుర్తించారు. అది లేని ఎలుకలు పహిల్వాన్లలా తయారయ్యాయి. మనుషుల్లో ఆ దారిన వెళ్లిన మందులు కండ పెంచినా నడకను ఆ మేరకు బాగుచేయలేదు. సార్కోపీనియాకంటూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు.

పల్లెలో శ్రమకు కొదవేముందనే వాదన ఉంది. మోకాళ్లు అరిగేదాకా చేసే కూలి వేరు, కొలత ప్రకారం కాళ్లకు పని చెప్పడం వేరు. పైగా కంచంలో అన్నమే ఎక్కువ. రేషన్‌లో మనిషికి నెలకు వచ్చే ఆరు కిలోల సన్నబియ్యమే చూడండి. రోజుకు 200 గ్రాములు, అందులో ప్రొటీన్ సుమారు పదిహేను గ్రాములు. వృద్ధులకు కిలో బరువుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. యాభై కిలోల అవ్వకు అంటే యాభై నుంచి అరవై గ్రాములు. ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికి గుడ్డు, పాలు ఉన్నాయి. అవ్వకు ఆసరా పింఛను ఉంది, గుడ్డు లేదు. రేషన్‌లో పప్పు చేర్చడం వృద్ధులున్న ఇళ్ల నుంచైనా మొదలుకావాలి.

పల్లె దవాఖానలో బీపీ చూసే చోటే ఒక కుర్చీ వేసి, చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనాలి. పన్నెండు సెకన్లు, అంతకు మించి పడితే జాగ్రత్తపడాలని ఆసియా నిపుణులు 2019లో గీత గీశారు. యంత్రం అక్కర్లేదు, గోడ గడియారం చాలు.

ఇక మన ప్రేమ సంగతి. 'కూసో బాపూ, నేను తెస్త' అంటాం. 2007లో అచ్చయిన ఒక అమెరికా ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచితే, కాళ్లలోనే దాదాపు కిలో కండ పోయింది. మీ బాపు చెంబెడు నీళ్లు తానే తెచ్చుకుంటానంటే తెచ్చుకోనివ్వండి.