మహానగరమున మధ్యతరగతి గృహస్థుడు

మహానగరములు దినదినాభివృద్ధి చెందుచున్నవని పలువురు సంతసించుచున్నారు. మేడలు లేచుచున్నవి, నిజమే. కాని యా నగరమును నడపు గుమాస్తా, ఉపాధ్యాయుడు, దాది, చిన్న వర్తకుడు రాత్రికి ఎచ్చట తల దాచుకొనుచున్నారని ప్రశ్నించువా రరుదు. ముంబయి నగరమును నిదర్శనముగా గైకొని యీ విషయమును విచారింపదలచితిమి.

ఒకప్పుడు గిర్గాఁవ్, దాదరు ప్రాంతములలో ఇట్టి కుటుంబములు ‘చాల్’ అనబడు ఇండ్లలో నివసించెడివి. ఒకటి రెండు గదులు, అందరికిని ఒకే పొడుగాటి వసారా. అది స్వర్గమని మేము చెప్పబోము. ఉదయమున మరుగుదొడ్డికై వరుసలో నిలిచినవారిని అడిగినచో నిజము తెలియును. అయినను పాఠశాలయు, గ్రంథాలయమును నడకదూరముననే యుండెడివి.

1947వ సంవత్సరపు శాసనము అద్దెలను 1940 సెప్టెంబరు 1వ తేదీ నాటి మట్టమున నిలిపివేసెను. అద్దెదారునకది కొంగుబంగారము, యజమానికి గుదిబండ. మరమ్మతులు నిలిచిపోయెను. వర్షకాలమున పాత కట్టడములు కూలసాగెను. అద్దెకిచ్చుటకై క్రొత్త యిండ్లు కట్టువారును తగ్గిపోయిరి. తండ్రికి దక్కిన చవుక అద్దె కుమారునకు దక్కలేదు.

ఇంతకంటె పెద్ద దెబ్బ వేరొకటి కలదు. 1982 జనవరి 18న ఆరంభమైన బట్టలమిల్లుల సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల కార్మికులు పాల్గొనిరి. తెలంగాణమునుండి వలసపోయిన మన పద్మశాలీలును ఆ మిల్లులలో పనిచేసినవారే. మిల్లు జీతముతో పిల్లలను చదివించి మధ్యతరగతిలో చేర్చవలెనన్న వారి యాశ అచ్చటనే తెగిపోయెను. మిల్లులు మూతపడెను, నేల మాత్రము మిగిలెను. 1991 నాటి నిబంధనల ప్రకారము అమ్మకమునకు వచ్చు మిల్లు భూమిలో మూడవవంతు బహిరంగస్థలములకును, మూడవవంతు సామాన్యుల గృహములకును ఈయవలసి యుండెను. 2001లో ఆ నిబంధనను సవరించి, కట్టడములు లేని ఖాళీ భాగమునకే యీ పంపకమును పరిమితము చేసిరి. 2006లో సుప్రీముకోర్టు ఈ సవరణను సమర్థించెను. చట్టరీత్యా అది ముగిసిన మాటయే. నగరము నడిబొడ్డున సామాన్యునకు ఇల్లు కట్టదగిన కడపటి యవకాశము ఆ ఒక్క సవరణతో చేజారెనని మా దృఢాభిప్రాయము. ఫీనిక్సు మిల్లు ఆవరణమున నేడు విలాసవస్తువుల అంగళ్లు వెలసియున్నవి.

ద్వీపనగర జనసంఖ్య 2001లో 33 లక్షలకు పైగా నుండగా, 2011 నాటికి 31 లక్షలకు లోపడెను. పోయినవారందరును మధ్యతరగతివారని చెప్పజాలము. అయినను డోంబివలి, విరారు దిక్కుల రైళ్లలో ఉదయమున వ్రేలాడువారిని చూచినచో కొంత బోధపడును. విరారునుండి చర్చిగేటునకు సుమారు 60 కిలోమీటర్లు.

అచ్చట వారికి స్వంత యిల్లు, స్వంత స్నానపుగది యున్నవి కదా, క్షీణత యెక్కడిదని కొందరు వాదింతురు. అందు సత్యము లేకపోలేదు. కాని గిర్గాఁవ్ మరాఠీ పాఠశాలలలో పిల్లలు తగ్గిపోయిరి. సాయంకాలపు గంట మ్రోగగానే దూరపు రైలునకై పరుగెత్తవలసిన ఉపాధ్యాయుడు, లెక్క రాని బాలుని చెంత మరియొక యరగంట కూర్చుండలేకున్నాడు. ఆ యరగంటకు ఏ యింటిధరల పట్టికలోను చోటు లేదు.