అడిగినవారికేనా అవకాశం?

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో బ్రోవార్డ్ అనే పాఠశాలా జిల్లా ఉన్నది. ప్రతిభావంతుల ప్రత్యేక తరగతులలో చేరాలంటే అక్కడ ఉపాధ్యాయులో, తల్లిదండ్రులో పిల్లల పేరు సూచించవలసి ఉండేది. పేద, నల్లజాతి, హిస్పానిక్ పిల్లల పేర్లు చెప్పేవారు అరుదు. 2005లో ఆ జిల్లా రెండవ తరగతి పిల్లలందరికీ ప్రాథమిక పరీక్ష పెట్టింది. అర్హత ప్రమాణాన్ని తగ్గించలేదు. అయినా ఆ వర్గాల నుండి ఎంపికైనవారు గణనీయంగా పెరిగారు. తరువాత నిధుల కొరతతో ఆ పరీక్షను ఆపగానే సంఖ్య మళ్ళీ పడిపోయింది. లోపం పిల్లలలో లేదు, వెదికే పద్ధతిలో ఉన్నది.

మన దేశంలో ఎనిమిదవ తరగతి పేద విద్యార్థులకు జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్ష ఉన్నది. ఎంపికైనవారికి నాలుగేళ్ళపాటు ఏటా 12,000 రూపాయలు అందుతాయి. అయితే దరఖాస్తు చేసినవారికే పరీక్ష. గుమాస్తాగా పనిచేసిన కాలంలో, గడువు ముగిశాక ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చిన తండ్రులను ఎందరినో చూశాను. వారి పిల్లల తెలివిని ఎవరూ కొలవనే లేదు.

అర్హులైన ప్రతి విద్యార్థి పేరునూ పాఠశాలే నమోదు చేయాలని ప్రభుత్వాన్ని కోరుదాం. అంతవరకు ప్రతి మసీదు కమిటీ జుమా నాడు గడువు తేదీని ప్రకటించాలి. మన మొహల్లాలో ఎనిమిదవ తరగతి పిల్లలు ఎందరో మనకైనా తెలియాలి కదా!