ముఖముపై మచ్చలు – లేసరు చికిత్స

జూబిలీహిల్సునుండి ఫిలింనగరునకు పోవు బాటలో చర్మవైద్యశాలల ప్రకటనలు సినిమా ప్రకటనలతో పోటీపడుచున్నవి. వానిలో ఏ ముఖమునకును మచ్చ యుండదు.

మా పూర్వవిద్యార్థిని యొకతె మొటిమలు మానగా మిగిలిన గుంటలకై ఆ ప్రాంతమున లేసరు చికిత్స పొందినది. మొదట మంట, వాపు. పిదప కొన్ని దినములు సన్నని పెచ్చులు. నాలుగు మారులైన పిమ్మట గుంటలు కొంత పూడినవి గాని, చెక్కిళ్లపై నల్లదనము నెలల తరబడి నిలిచినది. ఆమె దుఃఖించినది నల్లదనమునకు కాదు. అట్లు కావచ్చునని ముందుగా నెవ్వరును చెప్పకపోవుటకు. వేఱొక పూర్వవిద్యార్థి సమస్తము విచారించియే పోయెను. అతని గుంటలు సగమే పూడినను సంతుష్టుడై యున్నాడు.

2004లో వెల్లడియైన 'ఫ్రాక్షనల్' పద్ధతిలో లేసరు కిరణము చర్మమున కంటికానని గాయములు చేయును. అవి మానునప్పుడు క్రొత్త కొల్లాజను పుట్టి గుంటను పూడ్చును. మన చామనచాయ చర్మములో మెలనిను మెండు గనుక నల్లబాఱు భయము హెచ్చు; ఎండ తగులనీయరాదు. మొటిమలింకను లేచుచుండగా గుంటలకు చికిత్స చేయించుట, వానలో గోడకు సున్నము వేయించుటయే.

2015లో మలయాళ 'ప్రేమమ్'లో మొటిమలతోనే కనిపించిన సాయిపల్లవిగారిని 2017లో 'ఫిదా'తో తెలుగువారును ఆదరించిరి. పెండ్లిమాటలలో మాత్రము మనము అంత ఉదారులము కాము!

చికిత్స వలదని మేమనము. రుసుము పుచ్చుకొనుటకు ముందే ఎన్ని మారులు, ఎంత మిగులును, నల్లబాఱినచో నేమి గతి యని వైద్యులు చెప్పితీఱవలెను, తల్లిదండ్రులు అడిగితీఱవలెను.

ఆ బాలిక మొన్న వచ్చి తన తరగతి ఛాయాచిత్రము చూచినది. అందామె వెనుక వరుసలో తల వంచుకొని యున్నది.